ప్రవేశపరీక్షలును సూరత్ తెలుగు విద్యార్థియు

తాపీనదీతీరమునందలి సూరత్ నగరమున రెండు విధములైన తెలుగు విద్యార్థులు కనబడుదురు. ఒకరు విజయవాడనుండియో హైదరాబాదునుండియో జేఈఈ మెయిన్ ర్యాంకుతో బయలుదేరి, ఇచ్ఛానాథ్‌లోని సర్దార్ వల్లభ్‌భాయి జాతీయ సాంకేతిక సంస్థలో ఇతర రాష్ట్రములవారికై విడిచిన సగము సీట్లలో ఒకదానిని సంపాదించి, నాలుగేండ్లు హాస్టలులో గడపి, పట్టాతో వెడలిపోవువారు. మరియొకరు ఈయూరనే పుట్టి, లింబాయత్, ఉధ్నా పేటల మరమగ్గముల హోరులో పెరిగినవారు. ఓరుగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి సాంచాలపై పని వెదకికొనుచు వచ్చిన పద్మశాలి కుటుంబములలో రెండవ తరమువారో మూడవ తరమువారో. ఇరువురును వ్రాయు పరీక్ష యొక్కటియే. అయినను మొదటివారికి రాజమార్గమైనది రెండవవారికి చిక్కుముడిగా నున్నది. ప్రవేశపరీక్షలు ఉండవలెనా, తొలగవలెనా యని మన పత్రికలలో ఏటేట జరుగు వాదము సగము విషయమునే పట్టుకొనుచున్నదనియు, పరీక్షకంటె దాని చుట్టునల్లిన నిబంధనలే విద్యార్థి గతిని నిర్ణయించుచున్నవనియు తలచి, ఈ సమస్యను మొదటినుండి పరామర్శింప బూనుకొంటిని.

ప్రవేశపరీక్షను నిందించువారు అది లేని కాలము ఎట్లుండెనో తఱచు మఱచిపోవుదురు. ఒకప్పుడు వృత్తివిద్యాకళాశాలలలో సీటు దొరకుటకు మెట్రిక్యులేషన్, ఇంటర్మీడియట్ మార్కులతోపాటు మౌఖికపరీక్ష యొకటి యుండెడిది. రెండుమూడు నిమిషములు సాగు ఆ ముచ్చటలో పెద్దల పరిచయములు, తండ్రిగారి హోదా, వేషభాషలు విద్యార్థి తెలివికంటె బిగ్గరగా మాటలాడెడివి. శ్రీనగరు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలలో 100 మార్కుల వ్రాతపరీక్షకు 50 మార్కుల మౌఖికపరీక్షను జోడించిన పద్ధతిని అజయ్ హాసియా కేసులో సుప్రీముకోర్టు విచారించి, మొత్తములో 15 శాతమునకు మించి మౌఖికమునకు కేటాయించుట న్యాయముకాదని తీర్పు చెప్పినది. ఆ శ్రీనగరు కళాశాలయు, 1959లో పుట్టిన వరంగల్లు కళాశాలయు, 1961లో పుట్టిన సూరత్ కళాశాలయు ఒకే ప్రణాళికకు బిడ్డలు. మన నేతవారు ఏ ఓరుగల్లునుండి బ్రతుకుతెరువుకై ఇచటికి వలసవచ్చిరో ఆ యూరనే ఆ కళాశాలల కుటుంబమునకు జ్యేష్ఠసంతానము వెలసినది. సగము స్వరాష్ట్రమునకు, సగము ఇతరులకు అను పంపకము ఆనాటి యేర్పాటే; 2002, 2003 సంవత్సరములలో ఈ కళాశాలలు జాతీయ సాంకేతిక సంస్థలుగా మారినపిదపను అది చెక్కుచెదరలేదు.

ఆంధ్రదేశమున ప్రవేశపరీక్షకు పురిటినొప్పులు కలిగించినది కాపిటేషన్ ఫీజు. 1970వ దశకాంతమున, ఆ తరువాతను ప్రైవేటు ఇంజనీరింగు, వైద్యకళాశాలలు తలెత్తి, సీటును సంతలో సరకుగా మార్చినప్పుడు, 1983లో శాసనసభ కాపిటేషన్ ఫీజును నిషేధించుచు, ప్రవేశములను ఉమ్మడి పరీక్షకు ముడివేయుచు చట్టము చేసినది. ఎంసెట్ అను పేరు తెలుగింట పెండ్లిమాటతో సమానముగా వినబడసాగినది ఆ చట్టము పుణ్యముననే. పల్లెటూరి రైతు కొడుకు ఉస్మానియా, ఆంధ్ర, గాంధీ వైద్యకళాశాలలలో ధైర్యముగా అడుగుపెట్టినది ఆ ర్యాంకుకార్డు బలిమితోడనే. ఎంసెట్ కోచింగ్ యను పేర గుంటూరు, విజయవాడలలో వెలసిన నిర్బంధవసతి గృహములను జూచి నేడు మనము వగచుచున్నాము. అది వేఱు కథ. ఆ వగపు న్యాయమైనదే. అయినను ర్యాంకుకు ముందున్న పద్ధతి స్వర్ణయుగమని భ్రమించుట మాత్రము చరిత్రకు ద్రోహము చేయుటయే.

ఇక అఖిలభారత పరీక్షల సంగతి. ఐఐటీలు 1960 ప్రాంతముననే ఉమ్మడి పరీక్షను మొదలుపెట్టినవి. ప్రదీప్ జైన్ కేసులో 1984లో సుప్రీముకోర్టు స్థానికతా నియమముల కొక హద్దు గీచినపిమ్మట, రాష్ట్రముల వైద్యకళాశాలలలో 15 శాతము సీట్లకు అఖిలభారత వైద్యప్రవేశపరీక్ష యేర్పడినది. ఇంజనీరింగునకు 2002లో ఏఐఈఈఈ వచ్చినది. 2013లో అదియే జేఈఈ మెయిన్‌గా రూపాంతరము చెందినది. 2017లో స్థాపింపబడిన జాతీయ పరీక్షా సంస్థ 2019నుండి దానిని నిర్వహించుచున్నది. ఇప్పుడు వివిధ పూటలలో వేఱువేఱు ప్రశ్నపత్రములు వ్రాసినవారిని ఒకే త్రాసులో తూచుటకై పర్సెంటైలును ఏడు దశాంశస్థానముల వరకు లెక్కించుచున్నారు. తులాభారమున సత్యభామకు సైతము ఇంతటి సూక్ష్మమైన తూకము లభించియుండదు. ఏడవ దశాంశమున వెనుకబడినవాడు నిజముగా తెలివిలో వెనుకబడినవాడా యని యడిగినచో గణితశాస్త్రజ్ఞులు చిరునవ్వు నవ్వుదురు. సీట్లు తక్కువ, అభ్యర్థులు లక్షలు గనుక ఎచటనో యొకచోట గీత గీయవలెను, అంతియే.

గుజరాత్ రాష్ట్రము ఈ త్రోవలో ముందువెనుకలుగా నడచినది. చిరకాలము 12వ తరగతి మార్కులపైననే ఆధారపడి, 2006లో గుజ్‌సెట్ అను స్వంత పరీక్షను నెలకొల్పినది. భౌతికశాస్త్రము 40, రసాయనశాస్త్రము 40, గణితమో జీవశాస్త్రమో 40, వెరసి 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. 2013లో ఇంజనీరింగునకు ఈ పరీక్షను ప్రక్కనబెట్టి జేఈఈ మెయిన్‌ను స్వీకరించి, నాలుగేండ్లు గడచినపిమ్మట 2017లో మరల గుజ్‌సెట్ గూటికే చేరినది. 2011లో గుజ్‌సెట్‌నే గుఱిగా బెట్టుకొని 11వ తరగతిలో చేరిన సూరత్ బాలుడు, చదువు ముగియునప్పటికి జేఈఈ వ్రాయవలసినవాడయ్యెను. మెరిట్ లెక్కయు అట్లే మారుచు వచ్చినది: మొదట బోర్డు మార్కులకు 60, గుజ్‌సెట్‌కు 40 పాళ్లు, ఇటీవల చెరిసగము. జేఈఈ మెయిన్‌లో సైతము 2013నుండి 2016 వరకు బోర్డు మార్కులకు 40 శాతము విలువనిచ్చి, 2017నుండి దానిని తొలగించిరి. తెలంగాణలో ఇంటర్మీడియట్ మార్కులకు ఎంసెట్‌లో నుండిన 25 శాతము వెయిటేజీని 2023లో ఎత్తివేసిరి. మఱుసటి యేడు పరీక్ష పేరే మారిపోయినది. మంత్రులకును అధికారులకును ఒక జీ.ఓ.తో ముగియు పని, పదునేడేండ్ల పిల్లవానికి రెండేండ్ల పరిశ్రమ.

బోర్డు మార్కులును ప్రవేశపరీక్షయు ఒకే గుణమును కొలుచునవి కావు. మూడు గంటల పరీక్ష వేగమును, నిబ్బరమును, ఎంపిక చేసికొను నేర్పును పరీక్షించును. రెండేండ్ల చదువు వెంట వచ్చు మార్కులు ఓపికను, క్రమశిక్షణను, వ్రాతలో వివరింపగల శక్తిని చూపును. ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు తప్పుజవాబుకు కోత లేదు గనుక తెలియని ప్రశ్నకును బిందువు నల్లచేయుటయే లాభము. వైద్యప్రవేశమునకైన నీట్‌లో సరియైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత గనుక తెలియనిచోట చేతిని ఆపుకొనుటయే వివేకము. ఈ భేదమును పిల్లవానికి బోధించుట విద్యయా, విద్యకు వెలుపలి కిటుకా? ఏమైనను, అది నేర్పువారికి ఫీజు చెల్లింపగలవాడు ముందుండును. అందుచేతనే రెండింటిని కలిపి తూచు గుజరాత్ పద్ధతి, దాని చంచలత్వమును మినహాయించినచో, నాకు మిక్కిలి సమంజసముగా తోచుచున్నది. బోర్డుల మార్కులు సమానము కావను ఆక్షేపణకు సమాధానముగా ఆ పద్ధతిలో మార్కులను గాక పర్సెంటైలునే లెక్కకు తీసికొందురు.

భాషావిషయమున సూరత్ తెలుగువారి కష్టము మఱియు స్పష్టముగా కనబడును. ఈ నగరపు పురపాలక సంఘము నడుపు ప్రాథమిక విద్యాలయములలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఆంగ్ల, ఒడియా మాధ్యమములతోపాటు తెలుగు మాధ్యమమును కలదు. పరాయి రాష్ట్రమున ఒక నగరపాలకసంస్థ వలసవచ్చిన శ్రామికుల భాషలో బడులు నడుపుట దేశమున అరుదైన ఔదార్యము. సూరత్‌ను ఎంత మెచ్చుకొన్నను తగును. అయితే ఆ బడులలో అక్షరములు దిద్దిన పిల్లలు, విజ్ఞానశాస్త్రశాఖలో హయ్యర్ సెకండరీ చదువవలెనన్నచో, ప్రాయికముగా గుజరాతీయో హిందీయో ఆంగ్లమో పట్టుకొనవలసినదే. గుజ్‌సెట్ ప్రశ్నపత్రములును ఆ మూడు భాషలలోనే యుండును.

నీట్ దరఖాస్తును పరికింపుడు. అది 13 భాషలలో జరుగు పరీక్ష. అందు తెలుగు కలదు. కాని పరీక్షాకేంద్రముగా సూరత్‌ను ఎన్నుకొన్న అభ్యర్థికి ప్రశ్నపత్ర మాధ్యమమను గడిలో లభించునవి ఆంగ్లము, హిందీ, ఉర్దూ, గుజరాతీ మాత్రమే. తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణల కేంద్రములకే పరిమితము. అనగా లింబాయత్ బాలిక తెలుగులో పరీక్ష వ్రాయగోరినచో రాత్రింబవళ్లు రైలులో ప్రయాణించి హైదరాబాదో వరంగల్లో చేరవలెను. ఇచటి ఒడియా బాలునకును ఇదియే గతి. జేఈఈ మెయిన్‌కు భాషలు చేరిన తీరు ఇంతకంటె విచిత్రము. 2013లో ఆ పరీక్ష ద్వారా తన ప్రవేశములు జరుపుకొనుటకు గుజరాత్ సమ్మతించి, ప్రశ్నపత్రము గుజరాతీలో కావలెనని కోరినది, కోరిక నెరవేరినది. 2016 తరువాత రాష్ట్రము పరీక్షను విడిచినను భాష నిలిచిపోయినది. 2019లో మమతా బెనర్జీ మొదలైనవారు, గుజరాతీకి దక్కిన గౌరవము తమ భాషలకేల దక్కదని గొంతెత్తినపిమ్మటనే కదలిక వచ్చి, 2021నుండి తెలుగుతోకూడ మొత్తము 13 భాషలలో ఆ పరీక్ష జరుగుచున్నది. అడిగినవారికి ఇచ్చిరి, అడుగనివారు ఎనిమిదేండ్లు వేచియుండిరి. తెలుగు రాష్ట్రముల నాయకులు ఆ కాలమున ఎందుకు అడుగలేదో వారినే యడుగవలెను.

తెలుగు ప్రశ్నపత్రము వచ్చినంత మాత్రమున సర్వము చక్కబడునని నేననను. అనువాదమున సందేహము కలిగినచోట ఆంగ్లపాఠమే ప్రమాణమని నిబంధనలే చెప్పుచున్నవి. పరిభాష పట్టుబడనివానికి 'ద్రవ్యవేగము' అన్నను 'మొమెంటమ్' అన్నను సమానమే. అయినను ఆంగ్లపాఠము ప్రక్కన తెలుగుపాఠమున్న ప్రశ్నపత్రము, ప్రశ్నయొక్క భావము తప్పిపోకుండ కాచు ఊతకఱ్ఱ. ఆ యూత వరంగల్లు పిల్లవానికి దొరకి, వాని పినతండ్రి కొడుకైన సూరత్ పిల్లవానికి దొరకకుండుటకు కారణము భౌగోళికము తప్ప వేఱొకటి లేదు.

దీనికంటెను లోతైనది స్థానికత. మన కుటుంబములలో పదవ తరగతి ముగియగానే పిల్లవానిని హన్మకొండకో హైదరాబాదుకో పంపి, బాబాయి ఇంటనో హాస్టలులోనో ఉంచి ఇంటర్మీడియట్ చదివించు అలవాటు కలదు. తండ్రి ఉద్దేశము మంచిదే: మనభాష, మనవారు, ఎంసెట్ కోచింగ్. కాని నిబంధనలు ఆ పిల్లవానిని రెండు గట్లకును చెందనివానిగా చేయును. 1974నాటి రాష్ట్రపతి యుత్తర్వు ప్రకారము స్థానికుడనిపించుకొనుటకు అర్హతాపరీక్షకు వెనుక వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివియుండవలెను. రెండేండ్ల ఇంటర్మీడియట్ చాలదు. స్థానికులకు కేటాయించిన 85 శాతము సీట్లలో వానికి భాగము లేదు. గుజరాత్ ఇంజనీరింగు ప్రవేశములకేమో 12వ తరగతి గుజరాత్‌లోని పాఠశాలలో ఉత్తీర్ణుడై యుండవలెను. ఆ యర్హతయు పోయినది. జాతీయ సాంకేతిక సంస్థలలో స్వరాష్ట్రమును నిర్ణయించునది 12వ తరగతి ఉత్తీర్ణమైన స్థలము గనుక, సూరత్‌లో పుట్టి పెరిగినవాడు సూరత్ సంస్థలో పరరాష్ట్రీయుడై, పుట్టి యెఱుగని తెలంగాణకు స్వరాష్ట్రీయుడగును. వరంగల్లు సంస్థలో సగము సీట్లు వానికి తెరచుకొనునను లాభము ఒకటి కలదు, నిజమే. ఆ ర్యాంకు వచ్చువారు ఎందఱు? తక్కిన పిల్లలకు రాష్ట్రస్థాయి కళాశాలలే శరణ్యము. తండ్రి ఈ చిక్కును గ్రహించునది కౌన్సెలింగ్ నాడు. అప్పటికి రెండేండ్లు గడచిపోవును, ఫీజులు చెల్లియుండును.

రిజర్వేషన్ల విషయమును ఇట్టిదే. తెనాలిలో షెడ్యూల్డు తెగకు చెందిన కుటుంబమున పుట్టి, బాల్యముననే తండ్రి యుద్యోగరీత్యా బొంబాయి చేరిన విద్యార్థి యొకడు, మహారాష్ట్ర వైద్యకళాశాలలో ఆ వర్గపు సీటు కోరగా, షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఆ యా రాష్ట్రమునకు సంబంధించినదేగాని వలసతోపాటు వెంట వచ్చునది కాదని 1990లో సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము తీర్పు చెప్పినది. మర్రి చంద్రశేఖరరావు కేసుగా న్యాయవాదులందఱు ఎఱిగిన ఆ తీర్పు నేటికిని ప్రమాణము. తెలంగాణలో బి.సి.-బి వర్గమున నున్న పద్మశాలి కుటుంబము అచటి కులధ్రువపత్రమును చూపి గుజరాత్‌లో కోటా అడుగజాలదు. పరీక్ష అందఱికి ఒక్కటే అను మాట ఇచట పూర్తిగా నిలువదు: ప్రశ్నలు ఒక్కటే; పందెమున నిలువబెట్టు గీత మాత్రము ఒక్కొక్కనికి ఒక్కొక్కచోట గీయబడుచున్నది.

నీట్ పుట్టుకయు తిన్ననైనది కాదు. 2013 మే 5న తొలిసారి జరిగిన ఆ పరీక్షను, అదే సంవత్సరము జూలై 18న సుప్రీముకోర్టు కొట్టివేసినది. 2016 ఏప్రిల్‌లో తన తీర్పును తానే వెనుకకు తీసికొని, ఆ సంవత్సరమే రెండు విడతలుగా జరుపుడని ఆజ్ఞాపించినది. మే నెలలో కేంద్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి రాష్ట్రములకు ఒక యేడు సడలింపు ఇచ్చినది. ఆ యేడే తెలంగాణలో వైద్యప్రవేశమునకు జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము బయటికి పొక్కి, సెప్టెంబరులో మూడవసారి పరీక్ష జరుపవలసివచ్చినది. ఒక పరీక్షకు చదివిన పిల్లలు ఒకే యేట మూడు పరీక్షలకు తలలొగ్గిన ఆ సంవత్సరమును తెలంగాణ తల్లిదండ్రులు మఱవజాలరు.

2024లో దోషము ఇంకను పెద్దదై దేశమంతట వ్యాపించినది. ఆ మే 5న దాదాపు 23 లక్షలమంది నీట్ వ్రాసిరి. తొలుత 67మందికి 720కి 720 మార్కులు వచ్చినవి. 1,563మందికి కలిపిన ప్రత్యేకమార్కులను రద్దుచేయవలసివచ్చినది. గుజరాత్‌లోనే గోధ్రా కేంద్రమున, తెలియని జవాబులను ఖాళీగా విడిచినచో తరువాత పూరించెదమని పరరాష్ట్ర విద్యార్థులతో బేరము కుదిరినదనియు, వారిచే గుజరాతీ మాధ్యమము ఎన్నుకొనునట్లు చేసిరనియు దర్యాప్తుసంస్థ ఆరోపించినది. ఆరోపణ నిజమైనచో, భాషాసౌకర్యము గుజరాతీ ముక్క రానివారికి దొడ్డిదారి యైనదన్నమాట. పరీక్ష పవిత్రత సమూలముగా చెడినదనుటకు తగిన ఆధారములు లేవని జూలై 23న సుప్రీముకోర్టు పునఃపరీక్షను నిరాకరించినది. అంతకుముందే ప్రశ్నపత్రముల దొంగలను శిక్షించు చట్టము అమలులోనికి వచ్చియుండెను. ఇస్రో పూర్వాధ్యక్షులు రాధాకృష్ణన్ అధ్యక్షతన సంస్కరణల కమిటీయు ఏర్పడినది. ఒకే దినమున, ఒకే ప్రశ్నపత్రముతో, దేశమంతటికి ఒకే పరీక్ష యన్నచో దానిని దొంగిలించుటకు లభించు ప్రతిఫలమును అంతకంతకు పెరుగును. కేంద్రీకరణము చెల్లింపవలసిన మూల్యమిది.

పరీక్షనే తొలగించి చూచినవారి యనుభవమును చూతము. తమిళనాడు 2006లో చట్టము చేసి, 2007నుండి దశాబ్దకాలము 12వ తరగతి మార్కులతోనే వైద్యసీట్లను పంచినది. 2017లో నీట్ వచ్చినపిదప గ్రామీణులకు అన్యాయము జరుగుచున్నదని 2021లో జస్టిస్ ఏ.కె. రాజన్ కమిటీ నివేదించినది. ఆ మాటలో సత్యము కలదు. అయితే మార్కుల కాలమున సైతము ప్రభుత్వపాఠశాలల పిల్లలు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమందియే వైద్యకళాశాలలలో చేరిరి. అప్పుడు లాభపడినది మార్కుల యంత్రములవంటి ప్రైవేటు పాఠశాలలు. ఆ పిల్లలకు నిజముగా తలుపు తెఱచినది 2020లో వారికై ప్రత్యేకించిన 7.5 శాతము కోటా. పరీక్షను తీసివేయుటకంటె సూటియైన మేలు దానివలన కలిగినది.

అమెరికాలోను ఈ డోలాయమానస్థితియే. 1926లో మొదలైన శాట్ పరీక్షను బోడిన్ కళాశాల 1969లోనే ఐచ్ఛికము చేసినది. కరోనాకాలమున వందలకొలది కళాశాలలు ఆ త్రోవ పట్టినవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పాలకవర్గము, తన యధ్యాపకసంఘము వేఱుగా సలహా యిచ్చినను, 2020 మే నెలలో దానిని విడిచిపెట్టుటకు నిశ్చయించినది. తరువాత ఎం.ఐ.టి. 2022లోను, డార్ట్‌మత్ 2024లోను మరల పరీక్షను పిలిచి పీట వేసినవి. పేదపిల్లలు తమకు మేలుచేయగల మార్కులను సైతము చాలవేమోయని దాచుకొనుచున్నారని డార్ట్‌మత్ పరిశోధకులు కనుగొనిరి. ధనవంతుని దరఖాస్తులో వ్యాసములు, ప్రయాణములు, సిఫారసులు నిండియుండగా, పేదవానికి చూపుకొనుటకు మార్కు తప్ప మఱేమున్నది? న్యూజెర్సీ, డల్లాస్‌ల తెలుగు తల్లిదండ్రులు ఈ మార్పులను ఎంత ఆతురతతో గమనించుచున్నారో, లింబాయత్ తండ్రి అంతకంటె ఆతురతతో గమనింపవలసిన నిబంధనలు ఇచట గలవు. ఆయనకు వానిని చదివి చెప్పువారు లేకుండుటయే కొఱత.

నా తీర్పు ఇది. ప్రవేశపరీక్ష యుండవలెను, దానికి బోర్డు మార్కులు తోడుండవలెను, 11వ తరగతిలో విద్యార్థి చేరిననాడు ఏ నిబంధనయుండెనో అతడు 12వ తరగతి ముగించునంతవరకు అదియే నిలువవలెను. జాతీయ పరీక్షా సంస్థవారు సూరత్, భివండి, షోలాపురము వంటి నేతపట్టణములలో తెలుగు ప్రశ్నపత్రమును ఇచ్చుటకు ముద్రణవ్యయము తప్ప అడ్డంకి లేదు. ప్రశ్నపత్రము ఎటులైనను తెలుగులో సిద్ధమైయే యున్నది. సూరత్ తెలుగు సంఘములవారు గుజరాత్ ప్రభుత్వమునకు, ఢిల్లీకి ఈ మేరకు విన్నపము వ్రాయవలెనని నా ప్రార్థన. పదవ తరగతి ఫలితములు వచ్చి, పిల్లవానిని హన్మకొండకు పంపుటకు టిక్కెట్టు కొనబోవు తండ్రులారా, కొనుటకు ముందు రెండు రాష్ట్రముల స్థానికతా నియమములను ఒకసారి చదివించుకొనుడు.